చిమ్మటల గది

ఫిబ్రవరి 4

ఉద్యోగంలో చేరాను. ఏం పని అని అమ్మ అడిగితే పురుగుల్ని పెంచడం అన్నాను. ఇంట్లో ఉన్నవి చాల్లేదా అంది.

ల్యాబ్‌లో రెండు గదులు. మొదటిదానిలో చిమ్మటలు. నూకల ట్రేల్లో పెరిగి, రెక్కలొచ్చాక జల్లెడ అడుగున్న డ్రమ్ముల్లో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను అట్టల మీద జిగురుతో అద్ది రెండో గదికి పంపుతాం. అక్కడ బదనికలు ఉంటాయి. కందిరీగ జాతే, కానీ ఒక్క ఆవగింజ మీద నాలుగు నిలబడతాయి. చిమ్మట గుడ్డుకి కన్నం చేసి లోపల తమ గుడ్డు పెడతాయి. పుట్టిన పిల్ల లోపలున్నదంతా తినేసి బయటికొస్తుంది. అట్టని ముక్కలు చేసి పొలంలో ఆకుల కింద పిన్ను కొడితే, ఆ బదనికలు పంటని తినే పురుగుల గుడ్ల మీద పడతాయి. పురుగు పుట్టకముందే పోతుంది. మందు కొట్టే పనుండదు.

ఫిబ్రవరి 10

చిమ్మటల గది అంతా ఒక్కరి చేతుల మీద నడుస్తుంది. అందరూ డ్రమ్ములక్క అంటారు. పదిహేడేళ్ల సర్వీసు. నన్ను కళ్లద్దాలూ అని పిలుస్తుంది. గుడ్లు జల్లించడం నేర్పింది. ఊదకు, నీ మొహానే పడుతుంది అంది. రెక్కల పొడి బూడిదలా గాల్లో తేలుతుంటుంది. చిమ్మటలు ఎగిరిపోతాయని తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. అక్క మాస్కు మాత్రం గడ్డం కిందే. అది పెట్టుకుంటే నాకు ఊపిరాడదే అంది.

ఫిబ్రవరి 23

అక్క గంటకోసారి స్టోరుకి వెళుతోంది. ఇవాళ నూకల కోసం వెళ్లి చూశాను. బస్తాల వెనక కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. నన్ను చూసి గొంతులో నసే, ఎవరితోనూ అనకు అంది.

మార్చి 2

ల్యాబ్ నడిపే మేడమ్‌కి అక్క దగ్గు సంగతి చెబుదామని రెండుసార్లు ఆమె గది దాకా వెళ్లాను. చెప్పలేదు.

మార్చి 11, సాయంత్రం 5

అక్క పడిపోయింది.

మధ్యాహ్నం డ్రమ్ముల మధ్య నేల మీద కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మాట రావడం లేదు, పెదాలు నేరేడు రంగులోకి తిరిగాయి. మేడమ్ కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టాక కాస్త తేరుకుంది. ఏం పని చేస్తారని డాక్టర్ అడిగాడు. వద్దన్నట్టు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పేశాను. మూసిన గది, పొడి, పదిహేడేళ్లు, స్టోర్లో దగ్గు, అన్నీ. అక్క చెయ్యి వదిలేసింది. ఇంక ఆ గదిలో అడుగుపెట్టకూడదన్నాడు డాక్టర్.

అప్పుడే వాళ్లాయన వచ్చాడు. టైలర్. మెడలో టేపు అలాగే ఉంది. డాక్టర్ మాట విని టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, ఆ దగ్గు నా బట్టల నూగు వల్లనుకున్నానండీ అన్నాడు. రెండేళ్ల కిందటే మిషను బయట వసారాలో వేసుకున్నాడట. చలికాలమంతా దుప్పటి కప్పుకుని అక్కడే కుట్టాడట.

అక్క గోడవైపు తిరిగింది. పొడి వల్లేనని ఆమెకి ముందే తెలుసు. అందుకే తిరిగింది.

మార్చి 12

మార్చి 2న చెప్పి ఉంటే.

మార్చి 24

అక్క డ్యూటీకి వచ్చింది. నాతో మాట్లాడదు. కళ్లద్దాలూ అని కూడా పిలవదు. మేడమ్ ఆమెకి పొలాల్లో అట్టలు పెట్టే పని ఇచ్చింది. ఎండలో తిప్పేకంటే ఇంటికి పంపెయ్యండి అని అక్క అందట. చిమ్మటల గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వచ్చింది. పదిహేడేళ్లకి. చెప్పి మంచిపని చేశావని మేడమ్ నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పుని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఏప్రిల్ 1

అక్కతో పాటు పొలానికి నన్ను కూడా వెళ్లమన్నారు. దారి పొడుగునా జీపులో ఇద్దరం చెరో కిటికీ. మొక్కజొన్న మోకాలెత్తు ఉంది. ఈ అట్టముక్కలా పురుగునాపేది అని రైతు అనుమానంగా అడిగాడు. అక్క పిన్నులు కొట్టుకుంటూ పోయింది. వరస చివరికి వెళ్లాక ఒకసారి ఆగి నిలబడింది. ఆయాసం కాదు. ఊరికే నిలబడింది.

ఏప్రిల్ 7

బదనికలు ఎంత పనిచేశాయో చూడటానికి మళ్లీ వెళ్లాం. గంట వెతికితే ఒక ఆకు కింద పురుగు గుడ్ల గుంపు దొరికింది. మామూలుగా అయితే తెల్లగా ఉండాలి. నల్లగా ఉన్నాయి. లోపల బదనికలు పెరుగుతున్నట్టు లెక్క. లెన్సు అక్క చేతికిచ్చాను. తీసుకుంటుందో లేదో అనుకున్నాను. తీసుకుంది. వంగి, ఆకుని వేళ్లతో పట్టుకుని చూస్తూనే ఉంది.

ఇంత పెద్ద పొలంలో ఎలా వెతుక్కున్నాయే అంది.

పదిహేడేళ్లు వాటికి తిండి పెట్టి పంపింది. ఎక్కడికెళ్లి ఏం చేస్తాయో ఎప్పుడూ చూడలేదట. ఎవరూ చూపించలేదట.

గట్టు మీద కూర్చున్నాక తనే మొదలుపెట్టింది. పొడి వల్లేనని చెబితే మా ఆయన పని మాన్పించేస్తాడు, ఆ గది లేకపోతే నేనెవర్ని అంది. అందుకని ఆయన్ని చలిలో కూర్చోబెట్టాను, నాకంటే పాపిష్టిది ఉంటుందా అంది. ఆ మాట ఆయనతో అన్నావా అని అడిగాను. నిన్న అన్నానంది. ఆయనేమన్నాడని అడిగితే, లేచి నీళ్లు వేడిపెట్టి ఆవిరి పట్టించాడు అంది. నువ్వు చెప్పినందుకు కోపం ఇంకా పోలేదు, కొన్నాళ్లు ఉంటుంది అంది. ఉండనీ అన్నాను.

ఏప్రిల్ 15, ఉదయం 6:10

అక్క ఫోన్. పొలంలో ఉన్నానంది. తర్వాత మాట లేదు. గాలి చప్పుడనుకున్నాను. ఊపిరి. అక్కదే, దగ్గు లేకుండా, సాఫీగా, నిదానంగా. వినబడుతోందా అంది. వినబడుతోంది అన్నాను.