నేను పడవ విడిచి వెళ్ళలేదని ధ్రువీకరించుట గురించి

ఇంటర్నెట్ సేవల ఫిర్యాదుల పరిష్కార అధికారి గారి సముఖమునకు, గోదాము తూకపు గుమాస్తా స్వహస్తంతో వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గృహమందలి ఆటల పెట్టెకు ఇంటర్నెట్ సంబంధం తెగిపోవుట, తద్వారా నేను పడవను విడిచి వెళ్ళినట్లు తప్పుగా తెలియజేయబడుట, ధ్రువీకరణ పత్రం కోరుట గురించి.

నేను పగలు తూకం చూస్తూ, రాత్రి బడిలో చదివి పట్టా పొందినవాడను. ఈ అర్జీ మరొకరిచేత వ్రాయించుకున్నది కాదని ముందుగా మనవి. నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఆటల పెట్టె ఏమిటని తమకు సందేహం కలగవచ్చు. ఆ సందేహం మా ఆవిడకూ ఉన్నది. వివరాలు ఈ దిగువ పొందుపరచడమైనది.

1. టీవీ తెరపై ఆటలాడుకునే సదరు పెట్టెను పొరుగు పట్టణంలో ఉండే నా తమ్ముని కుమార్తె తెచ్చి మా టీవీకి తగిలించింది. అటువంటిదే వాళ్ళింట్లోనూ ఉన్నది. మా నాన్నగారు కాలం చేశాక ఇల్లు ఉంచాలా అమ్మాలా అన్న దగ్గర మాటామాటా పెరిగి, తమ్ముడు కంచం ముందు నుండి లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుండి మా మధ్య మాటలు లేవు. ఇందుకు నాన్నగారు పెట్టిన కట్టుబాటు ఒకటున్నది. లేచి వెళ్ళినవాడే, లేచిన చోటికే తిరిగి వచ్చి, ముందుగా పలకరించాలి. కూర్చున్నవాడు కూర్చునే ఉండాలి. అయితే ఆ ఇల్లు తరువాత అమ్ముడుపోయింది. వాడు తిరిగి రావడానికి ఆ చోటే లేకుండా పోయింది.

2. ఆ అమ్మాయి అందులో పెట్టి ఇచ్చిన ఆటలో, ఎవరింట వారుండగానే, ఇద్దరు మనుషులు తెరపై ఒకే పడవలో కూర్చుంటారు. ఎడమ తెడ్డు ఒకరిది, కుడి తెడ్డు మరొకరిది. ఒక్కరే వేస్తే పడవ ముందుకు సాగదు, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. మొదటి ఆదివారం సాయంత్రం మైకులో ఇరువైపులా దగ్గులు తప్ప మరేమీ వినబడలేదు. ఇంతలో ఎదుట బండరాయి వచ్చింది. "అన్నయ్యా, ఎడమది ఆపు, గుద్దేస్తాం," అన్నాడు తమ్ముడు. ముందుగా పలికినది వాడేనన్న సంగతి తమరు నమోదు చేసుకోవలెనని కోరిక.

ఆపై ప్రతి ఆదివారం పడవ నడిచింది. "నువ్వెప్పుడూ ఇంతేరా, పక్కవాడి తెడ్డు చూసుకోవు," అని నేను. "నువ్వు చూస్తున్నావు మరి, ఒడ్డు అటుంటే ఇటు లాగుతున్నావు," అని వాడు. మా ఆవిడ వంటింట్లో నుండి, "ఆ పెట్టెకి చేసే సేవలో సగం నాకు చేస్తే ఈపాటికి మహారాణిలా ఉండేదాన్ని," అనేది. అనేదే గాని, ఆ సమయంలో మిక్సీ వేసేది కాదు.

3. గత నెలలో ఒక ఆదివారం, ఒడ్డు కనబడుతుండగా, తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నయ్యా, ఆ రోజు నేను లేచిపోయాక నువ్వు తిన్నావా?"

నేను జవాబు చెప్పబోయేంతలో తెర ఆగిపోయింది. ఇంటర్నెట్ డబ్బాపై ఎర్రదీపం వెలిగింది. తమ్ముడి తెరపై మాత్రం "మీ తోటివారు పడవ విడిచి వెళ్ళిపోయారు" అని పడినట్లు వాడి కుమార్తె ఫోనులో తెలిపింది. అయ్యా, తెగిపోవుట వేరు, వెళ్ళిపోవుట వేరు. ఈ భేదం ఆ యంత్రానికి లేదు. పై కట్టుబాటు ప్రకారం ఇప్పుడు నేను లేచి వెళ్ళినవాడనయ్యాను.

"నాన్నకి ఫోనిస్తాను, మాట్లాడండి పెదనాన్నా," అన్నది ఆ అమ్మాయి. వద్దన్నాను. ముందుగా పలకరిస్తే వెళ్ళినట్లు ఒప్పుకున్నట్లే.

4. నేను చేపట్టిన చర్యలు: ఇంటర్నెట్ డబ్బాను ఆపి, చల్లారనిచ్చి, మరల వేయడమైనది. గోడ అడ్డమన్నారని డబ్బాను టీవీ పక్కకు చేర్చడమైనది. నేరుగా తీగ వేయడమైనది. ఆ తీగ తగిలి మా అత్తగారు తూలిపడబోయారు, తీయడమైనది. పెట్టెలోనే పరీక్ష చేయగా "ఇంటర్నెట్ ఉన్నది, ఇతరులతో కలియుట వీలుకాదు" అని చూపుచున్నది. నా పరిస్థితిని ఇంతకన్న స్పష్టంగా నేనూ వ్రాయలేను.

5. ఆటల పెట్టె వారిని అడిగితే లోపం నెట్ కంపెనీదన్నారు. నెట్ కంపెనీ వారు పెట్టెదన్నారు. పిమ్మట లైన్‌మన్ వచ్చి, నా ఫోనులో పాట ఒకటి మోగించి, "పాట వస్తోందిగా సార్, ఇంకేం కావాలి?" అన్నాడు. నాకు పాట అక్కరలేదని చెప్పాను. అప్పుడతను కుర్చీ లాక్కొని నిజం చెప్పాడు. "ఆ ఆదివారం కంపెనీవాళ్ళు నెట్ అడ్రసులన్నీ మార్చేశారు సార్. ఇప్పుడు వీధంతటికీ కలిపి ఒకటే అడ్రసు. మీరు బయటికి పోవచ్చు. బయటినుంచి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే పెట్టెకు మాత్రం మీ గుమ్మం దొరకదు. విడిగా అడ్రసు కావాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

పైన ఎవరని అడిగాను. అతడు పైకప్పు వైపు చూశాడు. మా ఇంట్లో కూర్చుని మంచినీళ్ళు తాగుతూనే తన ఫోనులో "వినియోగదారుడు ఇంట లేరు" అని నమోదు చేశాడు. లేనివాడిగా వ్రాయబడుట నాకిది రెండవసారి.

6. కంపెనీవారిని అడిగిన ప్రతిసారీ "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చుచున్నది. ఏది పరిష్కరించారో తెలిపినచో సంతోషించగలను.

కావున తమరు దయయుంచి, ఆ ఆదివారం సాయంత్రం సంబంధం కంపెనీవారి మార్పుల మూలంగా తెగినదనియు, అర్జీదారుడు తన ఇష్టపూర్వకంగా పడవ విడిచి వెళ్ళలేదనియు, గుండ్రని ముద్రతో ధ్రువీకరణ పత్రం ఇప్పించవలెను. తమ్ముడు రిజిస్ట్రారు కార్యాలయంలో నకళ్ళు వ్రాయువాడు. ముద్ర ఉంటే నమ్ముతాడు. మా గుమ్మానికి విడిగా ఒక చిరునామా కూడా మంజూరు చేయించవలెను.

చెప్పుకోవలసిన చోట్లన్నీ తిరిగి చివరకు తమ ముందు నిలుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గోదాము తూకపు గుమాస్తా

తా.క.: కవరు అంటించబోతుండగా తమ్ముడి కూతురు ఫోను చేసింది. వాడు ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ పడవలో ఎక్కి కూర్చుంటున్నాడట. కుడి తెడ్డు పట్టుకొని, ఒక్కడే. "ఆడకపోతే కట్టెయ్ నాన్నా," అంటే, "కూర్చున్నవాడు కూర్చునే ఉండాలి," అన్నాడట. నేను ఆగలేక ఫోను వాడికిమ్మన్నాను. వాడు తీసుకోలేదు. "లేచిన చోటికే రమ్మను," అన్నాడట.

అందువల్ల, అయ్యా, పైన అడిగిన పత్రం నాకు అక్కరలేదు. ముద్ర కూడా వద్దు. నేనే వెళ్ళిపోయానని కావాలంటే వ్రాసుకోండి, సంతకం పెడతాను. ఒక్క ఆదివారం, ఒక్క పూట, మా గుమ్మం వాడికి దొరికేలా చేయించండి. తినలేదురా అని చెప్పాలి. ఆ పూట నేనూ తినలేదు. అంతే. ఒక్క తెడ్డుతో వాడు మాత్రం ఎంతకాలమని తిరుగుతాడు.