అమ్మ కాఫీ జోలికి రావద్దు

తమ్ముడికి అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం అందేదాకా కులాసాగానే ఉన్నాను.

అమ్మని తీసుకుని రెండు రోజులపాటు కాశీ వెళ్ళొద్దామనుకోవడం బాగానే ఉంది. అక్కడ అమ్మ చేత కాఫీ వదిలించేస్తానని రాశావే, అది చదివి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఎవరిదో జాకెట్టుకి కుడి చెయ్యి తీసుకెళ్ళి ఎడమ పక్క కుట్టేశాను. "కోపం తమ్ముడి మీదైతే జాకెట్టేం చేసిందమ్మా?" అని మా టైలరు మాస్టారు నవ్వి, విప్పి మళ్ళీ కుట్టమన్నారు.

కాశీ వెళితే ఇష్టమైనదేదో వదలాలి, నిజమే. ఎవరిది వాళ్ళు వదలాలి గానీ, ఒకరి చేత ఇంకొకరు వదిలించడం ఎక్కడైనా ఉందా? "పొద్దున్నే కాఫీ పెట్టే బాధ తప్పుతుంది" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? మంచి చీరా, షికార్లూ, మధ్యాహ్నం కునుకూ మన కోసం ఎప్పుడో వదిలేసింది అమ్మ. ఇక మిగిలింది ఆ గ్లాసుడు కాఫీయే. అంతగా ఉంటే నీ సిగరెట్లు వదులు.

నాకూ ఒక టిక్కెట్టు తియ్యి, వస్తున్నాను. అమ్మ ఆది జాకెట్టు పంపు, ప్రయాణానికి కొత్తది కుట్టి తెస్తాను. నీళ్ళ మోటారు బాగుచేయించావా? చంటిదాని దగ్గు తగ్గిందా?

మరదలికీ పిల్లలకీ దీవెనలు. ఇది అమ్మకి చదివి వినిపించు. నువ్వు దాచేస్తావని తెలిసే కవరులో పెట్టకుండా కార్డు రాశాను. మీ పోస్ట్‌మాన్ ఈపాటికి అమ్మకి చెప్పేసే ఉంటాడు.

మీ అక్క