దుప్పటి మీది మనిషిని తిరిగి ఇప్పించుట గురించి

అయ్యా,

మా అమ్మాయి నవ్వింది. ముందు ఈ మాట చెప్పేసి, తరువాత పద్ధతి ప్రకారం రాస్తాను. నవ్విందండీ! బల్ల పట్టుకుని వంగిపోయి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఇది కన్నతండ్రి కల్పించిన మాట కాదు. తమ కార్యాలయం వారే సంతకం చేసి, ముద్ర వేసి, రాతపూర్వకంగా ధ్రువీకరించారు.

విషయం: సైన్సు ఉపాధ్యాయురాలైన మా అమ్మాయికి ఇచ్చిన మెమో రద్దు చేయుట, స్వాధీనపరచుకున్న రంగుల దుప్పటిని తిరిగి ఇప్పించుట, మరియు సదరు మెమోలోని మూడవ అంశమునకు ముద్ర వేసిన నకలు మంజూరు చేయుట గురించి.

పై విషయమై తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, నేను వృత్తిరీత్యా దర్జీని. చదువు ఐదో తరగతి. ఇందులో తప్పులుంటే తమరే సర్దుకుని చదువుకోవలెను. అమ్మాయి చేత దిద్దించే వీలు లేదు, ఆమెకు తెలియకుండా రాస్తున్నాను.

1. మెమోలో మొదటి అంశం ఇది: "పాఠము జరుగుచుండవలసిన సమయమున తరగతి గది నేలపై ఒక వృద్ధుడు బనియనుతో వెల్లకిలా పడుకొని ఉండెను." నిజమే. ఆ వృద్ధుణ్ణి నేనే. కానీ పాఠం జరగడం లేదన్నట్టు రాశారు చూడండి, అక్కడ నా మనసు నొచ్చుకుంది. పాఠమే జరుగుతోంది. నేనే ఆ పాఠం.

చర్మం గురించిన పాఠమండీ. పుస్తకంలో ఒక వాక్యం, కింద ఒక బొమ్మ. రెండేళ్ళుగా అమ్మాయి ఆ వాక్యం చదివి వినిపించి, పిల్లల చేత రాయించి, గంట కొడితే ఇంటికి వచ్చేసేది. ఈసారి వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "టీచర్, కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మన కాలేనా?" అని అడిగిందట. క్లాసంతా గొల్లుమన్నారట. అమ్మాయి మాత్రం పుస్తకం మూసి ఆ పిల్ల వంకే చూసిందట.

ఆ రోజు ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చుని, ఉన్నట్టుండి నన్ను అడిగింది.

"నాన్నా, రేపు బడికొచ్చి కాసేపు నేలమీద పడుకుంటావా?"

"ఇంట్లో మంచం ఉందిగా తల్లీ, అంత దూరం వచ్చి పడుకోవడం దేనికి?"

"పిల్లలు నీ చుట్టూ గీత గీస్తారు. ఒంట్లో ఎక్కడెక్కడ నీకు బాగా తెలుస్తోందో కనుక్కుని రంగులేస్తారు."

"నాకేం తెలుస్తుందే, ఐదో క్లాసు గాణ్ణి."

"చదువు కాదు నాన్నా, స్పర్శ."

ఇంత పొడుగు మాటలు మా ఇంట్లో వినబడి చాలా కాలమైంది. వస్తానన్నాను.

2. రెండవ అంశం: "రంగులు, కుంచెలు సైన్సు బోధనోపకరణములుగా అనుమతింపబడలేదు." అయ్యా, అవి బడివి కావు, మా అల్లుడివి. అతను ఆ బడిలోనే డ్రాయింగు మాస్టారు. వాళ్ళిద్దరూ కలిసి పాఠాలు తయారుచేసేవారు. గింజ ఎలా మొలుస్తుందో పిల్లల్ని ముందు ఊహించి బొమ్మ వేయమనేవారు. తరువాత తడిగుడ్డలో మొలకెత్తించి, రోజూ చూసిందల్లా ఆ బొమ్మ పక్కనే వేయించేవారు. "తప్పు బొమ్మ చింపకూడదు, అది ఎక్కడ తప్పిందో చూడ్డమే సైన్సు" అనేది మా అమ్మాయి. "చూడ్డం నేర్పేది నేను, పేరు మాత్రం మీ సబ్జెక్టుకి" అనేవాడు అల్లుడు. ఇద్దరూ వంటింట్లో దీని మీద పోట్లాడుకుంటుంటే నేను మిషను తొక్కడం ఆపి వినేవాణ్ణి.

రెండేళ్ళ కిందట జ్వరమని ఆసుపత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

ఆ తరువాత అమ్మాయి ఏడ్చిందా అంటే, లేదు. జనం ఓదార్చడానికి వచ్చి, ఓదార్చడానికేమీ లేక కాఫీ తాగి వెళ్ళారు. లేస్తుంది, తయారవుతుంది, బడికి వెళుతుంది, వస్తుంది. ఏం వండమంటావంటే "ఏదో ఒకటి" అంటుంది. వండితే తింటుంది. ఉప్పు మరిచిపోయినా తింటుంది. ఒకసారి పొయ్యి మీది గిన్నె చేత్తో పట్టుకుని దించి, బల్ల మీద పెట్టాక చేయి చూసుకుంది. "కాలిందా అమ్మా?" అంటే "కాలినట్టుంది" అంది. వేరేవాళ్ళ చేతి సంగతి చెప్పినట్టు చెప్పింది. చూస్తూ చూస్తూ నేనూ అలాగే అయిపోయాను. చొక్కా కుడుతున్నాను కానీ ఎవరి చొక్కా కుడుతున్నానో తెలిసేది కాదు. గుండీలు కుట్టడం అయిపోయాక కుట్టానా లేదా అని మళ్ళీ చూసుకునేవాణ్ణి.

అటువంటిది, ఆ రోజు అల్లుడి రంగుల డబ్బా అటక మీంచి దించింది. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచాతో కెలికి తీసింది. అనుమతి లేదని రాసినవారికి ఈ సంగతి తెలియదని నేను ఎరుగుదును. అందుకే తెలియజేసుకొనుచున్నాను.

3. మూడవ అంశం, అన్నిటికన్నా ముఖ్యమైనది: "సదరు ఉపాధ్యాయురాలు తగిన కారణము లేకుండా బిగ్గరగా నవ్వుచుండెను." నవ్విన మాట అక్షరాలా నిజం. కారణం లేకపోవడం మాత్రం అబద్ధం. కారణం నేను.

జరిగింది ఇది. పాత దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టారు. నా సుద్దముక్కే తీసుకుని ఒక పిల్ల నా ఒంటిని ఆనించి గీయబోయింది. నేను ఊరుకోలేకపోయాను. "అలా ఆనించి గీయకూడదమ్మా, కుట్టుకు వదలాలి" అని, పడుకునే, చుట్టూరా రెండు వేళ్ళ వెడల్పు వదిలించాను. దర్జీ అన్నవాడు గుడ్డ మీద మనిషిని మనిషంతే గీయడు.

తరువాత నన్ను పక్కకు దొర్లించి, పిల్లలంతా ముందు ఆ గీతల మధ్య ఊహ వేశారు. ఎక్కడ బాగా తెలుస్తుందో అక్కడ బొగ్గు చుక్కలు పెట్టమంటే అందరూ బొమ్మ పొట్ట మీదే పెట్టారు, చక్కిలిగింతలు అక్కడే కదా అని. అమ్మాయి ఒక ఇనప తీగను రెండు కొనలూ పక్కపక్కకు వచ్చేలా వంచి, అవి గుచ్చుకోకుండా చుట్టి వాళ్ళకిచ్చింది. నేను కళ్ళు మూసుకోవాలి, వాళ్ళు రెండు కొనలూ ఒకేసారి తాకించాలి. నాకు రెండుగా తెలిస్తే గుడ్డ మీద ఆ చోట ఎరుపు, ఒకటిగానే తెలిస్తే నీలం. ఏమీ తెలియకపోతే తెల్లగా వదిలేయాలి. పొట్ట నీలం అయ్యేసరికి పిల్లలు నోళ్ళు తెరిచారు. పెదవి ఎరుపు. పిల్లలు తమ వేళ్ళకూ తాకించుకుని చూస్తే అన్నీ ఎరుపే, నా వేళ్ళు మాత్రం తెలుపు.

"తాతగారూ, నిజం చెప్పండి, తెలియట్లేదా?"

"సూది పట్టి పట్టి మొద్దుబారాయమ్మా."

"టీచర్, తాతగారి వేళ్ళు తప్పుల లెక్కలో వేయాలా?"

"తప్పులో ఎందుకు? ఎందుకలా అయ్యాయో అడుగు" అంది అమ్మాయి.

అప్పుడు పిల్లలు "ఇప్పుడు మీరు టీచర్" అని పట్టుబట్టారు. వద్దు వద్దంటూనే అమ్మాయి నా బొమ్మ పక్కన గుడ్డ మీద చేయి ఒక్కటి పెట్టింది. చుట్టూ గీశారు. తీగ తాకించారు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండి, "ఏమీ తెలియట్లేదు" అంది. సూది పట్టని చేయి అండీ అది. తిమ్మిరి గురించి అడిగిన పిల్లే తీగ పట్టుకుని ఉంది. దానికేం అర్థమైందో నాకు తెలియదు. తెల్లగా వదలకుండా ఆ చేతి బొమ్మలో "మళ్ళీ చూడాలి" అని రాసింది.

నేను లేచి నిలబడ్డాను. ఒకతె అరిచింది: "టీచర్! తాతగారు ఇంతలోనే చిక్కిపోయారు!" చూస్తే దుప్పటి మీద ఉన్నవాడు నాకంటే పుష్టిగా, పెళ్ళికొడుకులా ఉన్నాడు. పడుకుంటే మనిషి వెడల్పవుతాడని ఒకరు, రంగు తడికి గుడ్డ సాగిందని ఇంకొకరు వాదన. సరిచూడ్డానికి నన్ను మళ్ళీ ఆ గీతల మధ్య పడుకోబెట్టారు. చుట్టూతా రెండేసి వేళ్ళ ఖాళీ. అమ్మాయి వంగి చూసింది.

"నాన్నా! మనిషికి కూడా కుట్టుకు వదిలావా?"

"రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు కదమ్మా" అన్నాను.

అంతే. నవ్వింది. తలుపు దగ్గర తమ తనిఖీ అధికారిగారు నిలబడి ఉన్నారు.

4. వారు దుప్పటిని తడి రంగులతోనే మడిచి పట్టుకుపోయారు. మెమో వచ్చింది. అమ్మాయి ముఖం మళ్ళీ పాత చోటికి వెళ్ళిపోయింది. సంజాయిషీ రాసి, "పోస్టులో వేసిరా నాన్నా" అని నాకిచ్చింది. "పొరపాటు జరిగినది. ఇకపై పుస్తకములోని పాఠము మాత్రమే చెప్పెదను. నవ్వినట్టు నాకు గుర్తు లేదు." ఇదీ ఆమె రాసింది. ఆమె చెప్పిన పని ఎగ్గొట్టడం నాకు చేతకాదు కనుక అదీ ఈ కవర్లోనే పెట్టాను. అయితే తమరు ముందు నాది చదవవలెను, ఆమెది అంగీకరించకూడదు.

కావున తమరు దయతలచి:

మెమో రద్దు చేయాలి. కుదరకపోతే మొదటి, రెండవ అంశాలకు శిక్ష నాకు వేయండి. నేను బడి ఉద్యోగిని కాను గనుక వేయడం ఎలాగో తమకే తెలియాలి.

దుప్పటి ఇప్పించాలి. నా బొమ్మతో నాకు పని లేదు. పక్కన చేయి ఉంది. ఆ పరీక్ష నవ్వుకు ముందు జరిగింది. నవ్వు తరువాత జరగలేదు. మళ్ళీ చూస్తామని పిల్లలు రాసుకున్నారు. వాళ్ళని చూడనివ్వండి. మళ్ళీ తెల్లగానే వస్తే రానివ్వండి, అదీ పాఠమే అంటుంది మా అమ్మాయి.

మూడవ అంశాన్ని మాత్రం కొట్టివేయకూడదు. "తగిన కారణము లేకుండా" అన్నంత మేరకు సవరించి, మిగిలినది ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, నకలు ఇప్పించాలి.

నాకు చాలా సంతోషంగా ఉందండీ. ఉందని తెలుస్తోంది, ఎక్కడుందో ఇంకా తెలియడం లేదు. తీగ తాకినట్టు ఉంది, ఒకటో రెండో చెప్పలేను.

తీరిక చూసుకుని, వీలైతే కూర్చుని, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దుప్పటి మీద ఉన్నవాడు

తా.క. నకలు రాగానే ఈ క్రింది వారికి చూపించవలసి ఉన్నది. ఉత్త మాట చెబితే నమ్మరు.

మా పెద్ద చెల్లెలు. "ఏడవనీ, నవ్వనీ, ఏదో ఒకటి చేయనీ అన్నయ్యా" అని ఫోను చేసినప్పుడల్లా అంటుంది.

మా తోడల్లుడు. చెవులు వినబడవు, కాగితమైతే చదువుకుంటాడు.

మేనకోడళ్ళు ఇద్దరూ. ఒకరికి చూపించి ఒకరికి చూపించకపోతే గొడవ.

మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి. ఈవిడకు నేనే స్వయంగా వెళ్ళి చెప్పాలి. ముందు రంగుల డబ్బా మూత వచ్చిన సంగతి, కాస్త ఆగి నవ్వు సంగతి.

మా అమ్మాయి.