నడుమ మైకు ఆపరాదని గోపన్న రాసిన వీలునామా

కర్నూలు జిల్లా పత్తికొండ కాపురస్తుడు, కీర్తిశేషులు కంబన్న పెద్ద కొడుకు, షామియానాలూ మైకుసెట్లూ బాడుగకిచ్చి బతికిన గోపన్న అనే నేను, వయసు అరవై ఎనిమిది, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బెదిరింపూ ఎవరి బతిమాలుడూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నా చేత్తో నేనే రాసి పెడుతున్నాను. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగది.

నా రెండు మూత్రపిండాలూ పాడయ్యాయని కర్నూలు ఆసుపత్రిలో చెప్పారు. వారం వారం పోయి రక్తం శుభ్రం చేయించుకుని వస్తున్నాను. కాళ్ళు ఉబ్బాయి, నోటికి ఏదీ సయించడం లేదు. తల మాత్రం దిట్టంగా ఉంది. అనుమానం ఉన్నవారు వచ్చి నాతో వాదానికి కూర్చోవచ్చు.

ఈ కాగితం మొదట దస్తావేజు లేఖరి చేత రాయించబోయాను. నేను చెప్పేది కాసేపు విని ఆయన కలం కింద పెట్టి, "ఆస్తి రాయించుకోప్పా, ఏడుపు కాదు" అన్నాడు. రెండూ నా స్వార్జితమే గనుక ఇంటికొచ్చి నేనే రాసుకుంటున్నాను.

1. నేను కట్టుకున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా భార్య రామేశ్వరమ్మకు సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా, బాడుగకిచ్చినా ఆమె ఇష్టం. మాకు సంతానం లేదు. ఆ లోటును ఆమె ఒక్కదాని మీదే మోపినవాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు. వాళ్ళకు ఈ ఇంటి గడప మీద కూడా హక్కు లేదు. రామేశ్వరమ్మా, మందు మింగమని నువ్వు వెంటపడినప్పుడల్లా నేను విసుక్కున్నవి మనసులో పెట్టుకోవద్దు. నొప్పికి ఎదురుగా ఎవరో ఒకరు కావాలి, ఎప్పుడు చూసినా నువ్వే ఉన్నావు.

2. టమోటా మార్కెట్టు వెనక నా రేకుల షెడ్డు, దాని ముందరి ఖాళీ స్థలం, కథల బడికి చెందాలి. ఆ బడికి రిజిస్టరైన పేరు లేదు గనుక, దాన్ని నడిపే తెలుగు మాస్టారు జయరాజ్ గారి పేరా, టమోటా మండీ వ్యాపారి, నా స్నేహితుడు ప్రేమయ్య పేరా ఉమ్మడిగా రాస్తున్నాను. అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వాళ్ళకు హక్కు లేదు. పిల్లలు కూర్చుని రాసుకోవాలి, అవసరమైనప్పుడు అక్కడే పడుకోవాలి, అంతే.

నేను ఆసుపత్రి మంచం మీద ఉండగానే నా తమ్ముడు ఉరుకుందు ఆ షెడ్డును టమోటా బాక్సుల గోదాముకు ఇస్తానని ఎవరితోనో బేరం మాట్లాడి వచ్చాడు. నేను కేకలు వేస్తే, "ఏమన్నా, కథలు కూడు పెడతాయా?" అన్నాడు. పెట్టాయిరా. ఎలా పెట్టాయో నీకూ తెలుసు. తెలియనివాళ్ళ కోసం కింద రాస్తున్నాను. ఈ కాగితం మీద రేపు గొడవ వచ్చి, మా ఊరి సంగతి తెలియని జడ్జిగారు చదవాల్సి వస్తే ఆయనకు పనికొస్తుంది.

3. మా పడమటి పల్లెల్లో దీపావళి దాటిందంటే కూలీల ఇళ్ళకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. పిల్లలను చూసేవాళ్ళు ఉండరు గనుక వాళ్ళనూ బండి ఎక్కిస్తారు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి ఆ పిల్లలకు బడి పరాయిదైపోతుంది. జయరాజ్ మాస్టారు ఆదివారాలు పిల్లలను కూర్చోబెట్టి కథలు రాయించేవాడు. అదే కథల బడి. దీపావళి రాగానే సగం మంది పిల్లలు కథలు సగంలో వదిలి వెళ్ళిపోయేవాళ్ళు.

అందుకని ఆయన కథల సంత అనే సభ మొదలుపెట్టాడు. సుగ్గి బండ్లు కదలడానికి ముందు వచ్చే ఆదివారం, మార్కెట్టు యార్డులో. మా వీధి ఆడవాళ్ళు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి తెచ్చేవాళ్ళు. హమాలీలు యార్డు ఊడ్చి నీళ్ళు చల్లేవాళ్ళు. కుర్చీలు, మైకు నావి. మొదటి ఏడు బాడుగ తగ్గించమని మాస్టారు అడిగితే నేను ఒప్పుకోలేదు. సభ అయ్యాక అసలు తీసుకోలేదు. పెళ్ళిళ్ళకు, ఎన్నికలకు, తిరనాళ్ళకు మైకు పెట్టి పెట్టి మనుషుల గొంతు వింటే విసుగు పుట్టిన మనిషిని నేను. ఆ పిల్లలు చదువుతుంటే మొదటిసారి సౌండు పెంచాలనిపించింది.

ఒక పిల్ల తన కథ చదవడం పూర్తి కాగానే సభలో జనం లేచి వారాలు చెప్పాలి. వెనకటి కాలంలో చదువుకునే పిల్లలు వారాలు చేసుకుని తిన్నట్టే. "సోమవారం మా ఇంట్లో" అని ఒకరు, "మంగళవారం మా ఇంట్లో" అని ఒకరు, ఏడు ఇళ్ళవాళ్ళు మైకులో ఒప్పుకుంటే ఆ పిల్ల సుగ్గి అయ్యేదాకా ఊళ్ళోనే ఉంటుంది. రాత్రికి షెడ్డులో మా వీధి వెంకటలక్ష్మమ్మ తోడు పడుకుంటుంది. తల్లిదండ్రులు ఆ మాట చెవులారా విని నిశ్చింతగా బండి ఎక్కేవాళ్ళు. ఊరందరి ముందు మైకులో అన్న మాట గనుక ఎవరూ తప్పలేదు. కథ వినకముందే వారం చెప్పడం మర్యాద కాదని కూడా మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్ల అన్నానికి చెయ్యి చాచినట్టు ఉండకూడదని, కథ చెప్పి దర్జాగా తిన్నట్టు ఉండాలని.

4. రెండేళ్ళ కిందటి సంతలో యశోద చదివింది. ఏడో తరగతి. కూలీల బిడ్డ. కథలో ఒక ఊళ్ళో బోరు వేస్తుంటారు. బండి చప్పుడుకు ఊరంతా వచ్చి చుట్టూ నిలబడుతుంది. దుమ్ము వస్తోంది, రాయి తగిలింది, మళ్ళీ దుమ్ము. ఒక ముసలామె తన కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి ఎవరికీ చెప్పకుండా బిందె పట్టుకుని నిలబడి ఉంటుంది. యార్డులో బజ్జీలు తినేవాళ్ళు కూడా నమలడం ఆపి వింటున్నారు. అప్పుడు కరెంటు పోయింది.

నేను జనరేటరు వేయడానికి యార్డు వెనక్కి పోయాను. అంతలో ఒక పెద్దమనిషి కారు వచ్చింది. ఆయన ఏ పార్టీవాడో రాయను, అన్ని పార్టీలవాళ్ళకూ నేను కుర్చీలు వేసినవాడినే. జనరేటరు అందుకుని మైకు పలికేసరికి అందులో యశోద గొంతు లేదు, ఆయన గొంతు ఉంది. పిల్ల చేతిలోంచి మైకు తీసి ఆయనకు అందించినవాడు నా తమ్ముడు ఉరుకుందు. నేను వచ్చి కాలర్ పట్టుకుంటే వాడు అన్న మాట ఇది: "పిల్ల కథ యాడికి పోతాదిన్నా? రేపు సదువుకుంటాది. సారు పోతే మళ్ళా వస్తాడా?"

శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఫోటోలు దిగారు. ఆయన కారు ఎక్కేసరికి పొద్దుగూకింది, జనం లేచిపోయారు. కథ పూర్తి కాలేదు గనుక వారాలు చెప్పే మాటే రాలేదు. ఏడు ఇళ్ళవాళ్ళూ మనసులో ఒప్పుకునే ఉన్నారని తర్వాత తెలిసింది. మా ఇంటికి ఆదివారం అని రామేశ్వరమ్మ ముందే అనుకుంది. బండ్లు కదిలేలోగా ఇంకో పూట చదివిద్దాంలే అనుకుంటూ అందరూ ఇళ్ళకు పోయారు.

తెల్లవారి రామేశ్వరమ్మ యశోద పల్లెకు పోతే ఇంటికి తాళం వేసి ఉంది. బండి కదిలిపోయింది. ఫోను చేస్తే యశోద తల్లి, "మైకులో ఎవురూ ఏమీ చెప్పలేదు గదమ్మా, ఆడబిడ్డను యాడ వదిలిపెట్టి పోవల్ల?" అంది. ఎవరైనా ఊరికి వస్తుంటే వాళ్ళతో పంపుతానని కూడా అంది. అలా వచ్చేవాళ్ళు దొరక్క ముందే మిరపచేను పక్కన గుడిసెలో నిద్రపోతున్న పిల్లను పాము కరిచింది.

శవం వచ్చిన రోజు వాళ్ళ ఇంటి ముందు షామియానా గుంజలు పాతింది నేను. మా నాన్న పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు. ఆ బోరులో నీళ్ళు పడ్డాయో లేదో మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత సంత జరగలేదు. ఒకరి మొహం ఒకరికి చూడబుద్ధి కాలేదు.

5. ఇంత రాసినా ఉరుకుందు నా తోడబుట్టినవాడు. కుర్చీలు, బల్లలు, వంట గుండిగలు, జంబుఖానాలు, షామియానాలు, టెంపో, కొట్టు, కొట్టు పేరు, ఇవన్నీ వాడికే చెందాలి. వాడు చెడ్డవాడు కాడు. కారు దిగిన మనిషి కనబడితే వాడి నడుము దానంతట అదే వంగుతుంది. మా నాన్న నడుమూ అంతే. ఆ పెద్దమనిషి సభలకు ఆ తర్వాత ఒక్క బాడుగ కూడా వాడికి రాలేదన్న సంగతి ఇందులో నమోదు చేస్తున్నాను, నాకు సంతోషంగా ఉంది గనుక. యశోద పోయాక వాడు తాగడం ఎక్కువ చేశాడు. ఎందుకో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఒరే ఉరుకుందూ, మానెయ్యి.

6. ఆంప్లిఫయరు, స్పీకర్లు, మైకులు, వైర్లు, జనరేటరు ఉరుకుందుకు చెందవు. అవి కథల బడివి. అయితే షరతులు ఉన్నాయి. సంత మళ్ళీ జరగాలి, ప్రతి ఏడూ జరగాలి. వేదిక మీద శాలువా కనిపించకూడదు. ఎవరు వచ్చినా, మంత్రిగారే వచ్చినా, చదివే పిల్ల చదవడం పూర్తయ్యేదాకా మైకు ఆ పిల్ల చేతిలోనే ఉండాలి. వచ్చినవారికి కుర్చీ వేయండి, మంచినీళ్ళు ఇవ్వండి, ఉగ్గాని పెట్టండి, మర్యాదకు లోటు చేయవద్దు. కరెంటు పోతే, తిరిగి వచ్చాక ఆ పిల్లే మొదలుపెట్టాలి. ఈ షరతు ఒక్కసారి తప్పినా సామాను మొత్తం విప్పించి అమ్మి, ఆ డబ్బుతో పిల్లలకు అన్నం పెట్టే అధికారం ప్రేమయ్యకు ఇస్తున్నాను.

7. వారాలు ఇకమీదట కథకు ముందే చెప్పాలి. మైకు పెట్టగానే మొదటి పని అదే. మా పాత పద్ధతి మంచి మనసుతో పెట్టుకున్నదే, కానీ దానివల్లే ఒక పిల్ల బండి ఎక్కింది. మా ఇంటి ఆదివారం రామేశ్వరమ్మ బతికున్నంత కాలం సాగుతుంది. ఆమె ఒప్పుకుంది. నా జబ్బు వల్ల ఆమెకు పప్పులో ఉప్పు తక్కువ వేయడం అలవాటైంది. పిల్లలు అడిగి వేయించుకోవాలి, మొహమాటపడి లేచిపోకూడదు.

8. జయరాజ్ మాస్టారికి నా మోటారు సైకిలు. సంత ఆగిపోయినప్పటి నుంచి ఆయన మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా నిలబడే మాట్లాడతాడు. నన్ను చూస్తే ఆ రోజు గుర్తొస్తుందేమో. మాస్టారూ, నాకూ అంతే, అయినా మీరు కూర్చుంటే బాగుండేది. బండి వెనక బ్రేకు లూజుగా ఉంది, బిగించుకోండి. ప్రేమయ్యకు నేను ఏమీ ఇవ్వడం లేదు. ఆయనకు పని ఇస్తున్నాను. ఈ వీలునామాకు అమలుదారు ఆయనే.

9. యశోద చెల్లెలు మహేశ్వరి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఆరో తరగతి. ఈ ఏడు మైకు కోసం కాచుకోకుండా రామేశ్వరమ్మ తానే పల్లెకు పోయి, వాళ్ళమ్మను అడిగి, చెయ్యి పట్టుకుని తెచ్చుకుంది. బ్యాంకులో నా పేర ఉన్నదంతా ఆ పిల్ల చదువుకు చెందాలి. నేను వాకిట్లో కూర్చుని రేడియో వినే మడత కుర్చీ కూడా ఆ పిల్లకే, ఇప్పటికే అందులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని రాసుకుంటోంది. ఏం రాస్తోందో మాకు చూపించదు. మొన్న ఒక పూట ఒళ్ళు కాస్త తేలికగా ఉంటే ఆంప్లిఫయరు ఇంట్లోనే తగిలించి, ఒక ముక్క చదవమ్మా, వినేది నేనూ అవ్వా మాత్రమే కదా అన్నాను. మైకు వంక చూసి వెనక్కి జరిగింది. "వద్దు తాతా, నడమ గుంజుకుంటారు" అంది. నేను ఆంప్లిఫయరు కట్టేశాను.

10. నేను పోయిన రోజు సంగతి. ఇంటి ముందు షామియానా ఉరుకుందు కట్టాలి. భజన పాటలు వేయకూడదు. నా గురించి ఎవరూ ప్రసంగం చేయకూడదు. మైకు ఒకటి పెట్టి, చదువుతావా అని మహేశ్వరిని ఒక్కసారి అడగండి. చదవనంటే సరేనని మైకు కట్టేసి నన్ను తీసుకుపోండి. ఆ పిల్లను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. చదువుతానంటే మాత్రం, అది ఎంత పెద్ద కథైనా, చదవడం అయిపోయేదాకా నా పాడె లేపకూడదు. ఎండ ముదిరినా, ఎవరి కారు వచ్చి ఆగినా, వేళ దాటిపోతోందని పెద్దలు తొందరపెట్టినా లేపకూడదు. మధ్యలో ఏడుపు వచ్చి ఆగిపోతే, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేదాకా అందరూ కూర్చోండి. నాకు తొందరేమీ ఉండదు.

పై పది అంశాలూ నేను తెలిసి, ఒప్పుకుని రాసినవి. నా ప్రాణం ఉన్నంతవరకు మార్చుకునే హక్కు నాది, ఆ తర్వాత ఎవరిదీ కాదు.

పత్తికొండ,
2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) గోపన్న

సాక్షులు:
ఓబుళేశు, జనరేటరు మెకానిక్కు, పత్తికొండ (సంతకం)
వెంకటలక్ష్మమ్మ, పత్తికొండ, మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించగా విని వేసిన వేలిముద్ర