వీధి వైపు తిరిగిన చెప్పులు

సెప్టెంబర్ 29, మంగళవారం. ఉదయం ఏడున్నర

మళ్లీ అదే. లేచి చూసేసరికి గుమ్మం దగ్గర నా చెప్పులు వీధి వైపు తిరిగి ఉన్నాయి. నిన్న సాయంత్రం కట్టుడు పళ్లు చేసే మా ల్యాబ్ నుంచి వచ్చి విసిరేసినట్టు విడిచాను, ఒకటి గోడకీ ఒకటి చీపురుకీ తగిలి ఆగాయి. ఇప్పుడు జంటగా, బుద్ధిగా, బయటికి చూస్తున్నాయి. ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను తిప్పలేదు. అంటే మా ఆయనే.

ఒకరోజైతే పట్టించుకునేదాన్ని కాదు. చాలా రోజులుగా జరుగుతోంది. పెళ్లాన్ని నోటితో పొమ్మనలేక చెప్పులతో చెప్పిస్తున్నాడా?

అక్కకి ఫోన్ చేశాను. కూనిరాగాలు తీస్తున్నాడా అని అడిగింది. తీస్తున్నాడు. అడక్కుండానే గిన్నెలు తోముతున్నాడా? తోముతున్నాడు. వారంలో ఒకరోజు ఆలస్యంగా వస్తున్నాడా? గురువారాలు ఏదో లిఫ్ట్ మొరాయించిందని చెబుతాడు. లిఫ్టుల మెకానిక్ కదా, నమ్మాను. ఇంకేముందే, ఎవరో ఉన్నారు, అని అక్క తేల్చేసింది. అక్కకి ఎవరి కాపురం గురించైనా తేల్చేయడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

సెప్టెంబర్ 30, బుధవారం

కట్టుడు పళ్లు వరుస తప్పి పేర్చాను. ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ లేదు. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని ల్యాబ్‌లో అడిగితే ప్లాస్టర్ దుమ్ము అన్నాను.

అక్టోబర్ 1, గురువారం

వెంటపడ్డాను. సిగ్గులేకుండా, మొహానికి చున్నీ చుట్టుకుని మరీ.

టైర్ల షాపు మేడ మీద గది. చప్పుడు కాకుండా మెట్లెక్కాను. తలుపు బార్లా తీసే ఉంది. లోపల కొందరు గుండ్రంగా కూర్చుని ఒకే గొంతుతో దేవుడి పేరు తలుచుకుంటున్నారు. మా ఆయన మాత్రం బయట, మెట్ల చివర, మోకాళ్ల మీద కూర్చుని అందరి చెప్పులూ ఒక్కొక్క జతే తీసి మెట్ల వైపు తిప్పి పెడుతున్నాడు. నన్ను చూసి తత్తరపడ్డాడు. నేను చెప్పులు విడవగానే అవి కూడా అందుకుని, తిప్పి, వరుసలో పెట్టాడు.

ఇంటికి నడుస్తూ చెప్పాడు. అది ఒక సూఫీ గురువుగారి గదట. అక్కడ కొత్తగా చేరినవాళ్లకి ఆయన ముందు ఇచ్చే పని అదేనట. ఇష్క్, అదే దేవుడి మీద ప్రేమ, అంటే ఏంటో చెప్పండని అడిగితే చెప్పుల కుప్ప చూపించారట. వెళ్లేటప్పుడు ఎవరూ వంగి వెతుక్కోకూడదు, కాళ్లు నేరుగా దూరిపోవాలి, అంతే. మరి ఇంట్లో నావెందుకు తిప్పుతున్నావని అడిగాను. పొద్దున్నే హడావిడిగా పరిగెడతావు కదా, అందుకని అన్నాడు.

నా అనుమానం చెప్పేశాను. నడిరోడ్డు మీద కడుపు పట్టుకుని నవ్వాడు. లిఫ్ట్ అని ఎందుకు అబద్ధమాడావంటే, ఎగతాళి చేస్తావని భయమేసింది అన్నాడు. చేసేదాన్నే.

అక్టోబర్ 2, శుక్రవారం

ఆడమనిషి కాదక్కా, దేవుడు అని చెప్పాను. ఆడమనిషైతే జుట్టు పట్టుకునేవాళ్లం, ఇప్పుడేం చేస్తావే, అంది అక్క.

నవ్వాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. నాకు దేవుడు కొత్త కాదు. వేళకి నమాజు చేస్తాను, అడగాల్సినవి అడుగుతాను, లేస్తాను. మా ఆయనది అలా లేదు. ప్రేమలో పడ్డ కుర్రాడి వాలకం.

అక్టోబర్ 11, ఆదివారం

అనుకున్నంతా అయింది. కొండల దగ్గర గురువుగారి వాళ్లకి ఒక ఇల్లుంది. అక్కడ ఒంటరిగా ఉండి, మాటలు తగ్గించుకుని, ధ్యానం చేసుకోవాలట. ఎన్నాళ్లంటే, గురువుగారు చాలు అనేవరకూ. మా ఆయన సెలవు కూడా అడిగి పెట్టుకున్నాడు. చెబుతుంటే మొహం వెలిగిపోతోంది.

ఒక్క షరతు. ఇంట్లోవాళ్లు మనస్ఫూర్తిగా సరే అనాలి. ఆ మాట గురువుగారే స్వయంగా అడుగుతారు. గురువారం నన్ను రమ్మన్నారు.

భయంగా ఉంది. అంత ప్రేమ చూసొచ్చిన మనిషి కంటికి నేను ఆనతానా?

అక్టోబర్ 15, గురువారం

వద్దన్నాను.

అక్టోబర్ 16, శుక్రవారం

నిన్న రాయబుద్ధి కాలేదు. గురువుగారు చాలా మామూలు మనిషి. నా కోసం లేచి నిలబడ్డారు. ఇష్టమేనా అమ్మా అని అడిగారు. దేవుణ్ణి అంతలా ప్రేమించాక నాకేం మిగులుతుంది అని మొహం మీదే అడిగేశాను. ఆయన బతిమాలలేదు, బోధ చేయలేదు. అయితే వెళ్లడు, టీ తాగు అన్నారు.

గెలిచిన దాన్ని గెలిచినట్టు లేచి రావాలా? నా బుద్ధి ఊరుకోదుగా. మాట్లాడుతుంటే ఆయన కింది పళ్ల సెట్ కటకటా ఎగురుతోంది. ఎవరు చేశారండీ ఈ ఘోరం అని అడిగాను. ఊడదీసి చూపించారు. లోపలంతా వదులు. ఈ రోజు మాకు పని పంపే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లి అచ్చు తీయించాను. సెట్ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది.

మా ఆయన అలుగుతాడనుకున్నాను. దానికి రెడీగా నాలుగు మాటలు కూడా దాచుకున్నాను. అలగలేదు. ఈ ఉదయం కూడా నా చెప్పులు తిప్పే ఉన్నాయి.

అక్టోబర్ 18, ఆదివారం

ఇక ఉండబట్టలేక అడిగాను, కోపం రాలేదా అని. ఉల్లిపాయలు తరుగుతున్నాడు. వెళ్లాలని చాలా ఉంది, దాచనన్నాడు. కానీ నువ్వు సరే అన్నా, వద్దన్నా నీ దగ్గర్నుంచి వచ్చిందే కదా, నాకు రెండూ ఇష్టమే అన్నాడు. దేవుడి దగ్గర కూడా అదే నేర్చుకుంటున్నాడట.

అంటే నా మీద ప్రాక్టీస్ చేస్తున్నావా అని కస్సుమన్నాను. కత్తి పక్కన పెట్టి, ఇంకెవరి మీద చేయమంటావు అన్నాడు.

తర్వాత ఇంకో సంగతి బయటపెట్టాడు. కళ్లు మూసుకుని దేవుడి పేరు తలుచుకోబోతే ముందు నా తుమ్ములు వినిపిస్తాయట. ల్యాబ్ దుమ్ముతో వచ్చే తుమ్ములు. ఎంత తోసినా పోవడం లేదని గురువుగారికి చెప్పుకున్నాడట. తోయడమెందుకురా, ఆవిణ్ణీ పక్కన కూర్చోబెట్టుకో అన్నారట ఆయన.

లోపలికెళ్లి తలుపేసుకున్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నేను ఎవరితోనో పోటీ అనుకున్నాను. వాళ్లేమో నాకు ఎప్పుడో చాప వేసి ఉంచారు.

అక్టోబర్ 20, మంగళవారం

గురువుగారికి పళ్లు ఇచ్చొచ్చాను. పెట్టుకునే ముందే అడిగాను, ఇంతకీ ఇష్క్ అంటే ఏంటండీ అని. బోసినోటితో నవ్వి, ముందు పళ్లు ఇవ్వమని చెయ్యి చాపారు. పెట్టుకుని బిస్కెట్ కొరికారు. కటకట లేదు. నాకు పట్టరాని సంతోషం.

ఇది అరగదీస్తున్నప్పుడు ఏం ఆలోచించావమ్మా అని అడిగారు. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ నొప్పి పెడుతుందో అదే చూశాను, మీ మీద కోపంగా ఉన్న సంగతి కూడా మర్చిపోయాను అన్నాను. మరింక నన్నెందుకు అడుగుతావని ఇంకో బిస్కెట్ తీసుకున్నారు.

మా ఆయన్ని వెళ్లనివ్వండి అన్నాను. మనస్ఫూర్తిగానేనా అని అడిగారు. ముప్పాతిక వరకు అన్నాను. మిగతా పాతికా మెల్లగా వస్తుంది, నిజం చెప్పావు, అది చాలు అన్నారు.

అక్టోబర్ 22, గురువారం

బస్సెక్కించి వచ్చాను. ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

నవంబర్ 5, గురువారం

మేడ మీద గది బయట చెప్పుల పని ఇప్పుడు నాది. అక్క తనిఖీకి వచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఉండటం చూసి నోరు తెరిచింది. తనవీ తిప్పి పెట్టాను. వెళ్లేటప్పుడు కాళ్లు ఇట్టే దూరిపోయాయి. ఏమీ తేల్చకుండా మెట్లు దిగిపోయింది. అక్క విషయంలో ఇది పెద్ద వింత.

నవంబర్ 12, గురువారం. ఉదయం

ఏ రోజు వస్తాడో కబురు లేదు. ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులు గుమ్మానికి లోపల పెట్టాను, ఇంటి వైపు తిప్పి. వస్తూనే కాళ్లు దూర్చేసుకుంటాడు. నిన్నా పెట్టాను. రేపూ పెడతాను. రాకపోయినా, పెట్టినప్పుడల్లా వచ్చినట్టే ఉంది.