శ్రీను కారుకు నేను బిగించిన ఊఫర్లు

అమ్మకు,

నీ సత్తిబాబు దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, నాన్న, చెల్లి బాగున్నారనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వీడియో కాల్‌లో అయితే నేను చెప్పిందంతా చెల్లి చేతులు తిప్పి నీకు చెప్పాలి. ఈ సంగతి చెల్లి ముందు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అందుకే ఉత్తరం. నువ్వొక్కదానివే చదువుకో.

అనకాపల్లిలో ఎండలు మండిపోతున్నాయి. కార్ల షాపులో పని బాగానే ఉంది, బెంగపెట్టుకోకు. అన్నం వేళకే తింటున్నాను. నేనుంటున్న గది ఒక మామ్మది. నాకు వంట రాదని తెలిసి మధ్యాహ్నం ఆవిడే నాకూ ఓ కంచం పెడుతుంది. ఆవిడ భర్తను తాతయ్య అని పిలుస్తాను, ఒకప్పుడు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి. ఈమధ్యే గుండెకు స్టెంటు వేశారు. మధ్యాహ్నం కాసేపు నిద్రపోతే గానీ తేరుకోలేడు.

మా వీధిలో ఉండే శ్రీను తన కారుకు రెండు ఊఫర్లు, ఒక యాంప్లిఫయరు పెట్టించుకోవడానికి మా షాపుకు వచ్చాడు. ఊఫర్లంటే మోత కోసం డిక్కీలో పెట్టే పెద్ద స్పీకర్లు. ఓనరు మొదటిసారి పని మొత్తం నా చేతిలో పెట్టాడు. బ్యాటరీ నుంచి లావు ఎర్ర వైరు లాగి, మొదట్లోనే ఫ్యూజు వేశాను. డిక్కీలో పెయింటు గీకి, ఇనుము తేలాక ఎర్తు వైరు బిగించాను. తీరా పాట పెడితే మోతే లేదు. ఓనరు నవ్వి, ఒక్కో ఊఫరు వైర్లకు చిన్న బ్యాటరీ సెల్లు తాకించి చూపించాడు. ఒకటి బయటకు ఉబికింది, రెండోది లోపలికి పోయింది.

"ఒకదానికి ప్లస్సు, మైనస్సు తిరగేసేవురా. ఒకటి తోత్తంటే ఇంకోటి లాగేత్తంది. మోత ఎక్కడ్నించి వత్తాది?" అన్నాడు.

మార్చి కట్టాను. షాపు అద్దాలు అదిరాయి. అప్పుడు నువ్వే గుర్తొచ్చావమ్మా. మన ఊరి జాతరలో స్పీకరు డబ్బా మీద చెయ్యి పెట్టి, "ఇదేట్రా, లోన ఎవరో తలుపు కొడతన్నట్టుంది" అని నవ్వావు. నిన్ను ఒక్కసారి ఆ కారులో కూర్చోబెట్టాలనిపించింది.

మర్నాటి నుంచి శ్రీను మధ్యాహ్నం పూట పాటలు పెట్టుకుని కారు కడగడం మొదలుపెట్టాడు. మామ్మ వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. తాతయ్య ఉలిక్కిపడి లేచి, గుండె మీద చెయ్యేసుకుని కూర్చునేవాడు. నాకు అన్నం వడ్డిస్తూ మామ్మ అంది: "ఏ ఎదవ బిగించేడో గానీ, ఆడి తల్లికి సెవుడేటో. సెవులున్న తల్లి పెంచుంటే ఇలాటి పని సేత్తాడా?"

నేనేనని చెప్పలేదు. చెప్పలేదు సరికదా, ఆవిడ పోసిన చారు కూడా కలుపుకుని తిన్నాను. ఆ తర్వాత కూడా ఆవిడ అదే మాట అనడం, నేను తల దించుకుని తినడం. నా తల్లిని నా ముందే అంటుంటే కిక్కురుమనలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

ఆదివారం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని శ్రీను దగ్గరకు వెళ్లింది. "నువ్వేటీ మాటాడక్కర్లేదు, నా ఎనకాల నిలబడు సాలు" అంది. అక్కడ శ్రీనును నిలబెట్టి కడిగేసింది. అతను తడి గుడ్డ పిండుకుంటూ, "నన్నంటావేటి మామ్మా? బిగించినోడు నీ ఎనకాలే ఉన్నాడు. ఆణ్ణడుగు" అన్నాడు.

మామ్మ నా వైపు తిరిగి చూసింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి రోజూలాగే నా కంచంలో అన్నం పెట్టింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

"నన్ను తిట్టు మామ్మా. మా అమ్మకి నిజంగానే ఇనపడదు" అన్నాను.

ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసింది. "ఎరక్క అనేసేన్రా. మీ అమ్మకి రాయి, మనసులో ఎట్టుకోవద్దని సెప్పు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం వెళ్లి శ్రీను డిక్కీ తెరిచి, యాంప్లిఫయరు మీద స్క్రూ తిప్పి మోత తగ్గించాను. స్టీరింగు పక్కన మోత తగ్గించే నాబు ఒకటి పెట్టి, వీధిలోకి రాగానే సున్నాకు తిప్పమని బతిమాలాను. ఇప్పటికైతే తిప్పుతున్నాడు. తాతయ్య పడుకుంటున్నాడు.

నాన్న ఇటు వచ్చినప్పుడు మాడుగుల హల్వా ఒక పొట్లం పంపించు, నువ్వు పంపావని చెప్పి మామ్మకు ఇస్తాను. పెదనాన్నకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. చెల్లిని అడిగానని చెప్పు.

మామ్మ అన్న మాట నీ చెవిన ఎప్పటికీ పడేది కాదు. నేనే రాసి నీకు వినిపించాను. నీకు చెప్పకుండా దాచి ఆ కంచం ముందు కూర్చోలేకపోయానమ్మా. కోపం వస్తే తిట్టు గానీ, నన్ను దీవించడం మాత్రం మానకు.

నీ కొడుకు,
సత్తిబాబు