టోపీ తియ్యని జోకరు

ఎల్లయ్య తాతా,

నువ్వు పోయాక మొదటిసారి మొన్న మన రఘునాథపల్లిలో చిందు ఆట ఆడారు. జోకరు వేషం నీ అల్లుడు రాజయ్య కట్టాడు. నీ కుచ్చుల టోపీయే పెట్టుకున్నాడు.

ఆ టోపీ నెత్తిన ఉంటే నువ్వు ఆటలో రాజునీ వదలలేదు, ముందు కూర్చున్న మా బాపునీ వదలలేదు. "పటేలా, నీ బర్లు తాగంగ మిగిలితే మా వాడకు జర్రన్ని నీళ్లిడువు" అన్నావొకసారి. ఊరంతా నవ్వింది. బాపు మూతి ముడుచుకున్నాడు గానీ, మీ వాడలో బోరింగు వేయించాడు. ఆట ముగిశాక ఆయన పలకరించినా నువ్వు టోపీ తియ్యలేదు.

ఇప్పుడు సర్పంచును నేను. మీ వాడ మోరీలో మురుగునీళ్లు వానాకాలం నుంచి పొంగుతున్నాయి. రాజయ్య ఆ సంగతి ఎత్తుతాడని సిద్ధపడి, ముందు వరుస కుర్చీలో కూర్చున్నాను. అతను నాకు శాలువా కప్పాడు.

ఆట అయ్యాక అడిగాను: "ఏందే రాజన్నా, నన్నొక్క మాట గూడ అనకపోతివి?"

"అందరు వీడియోలు తీస్తున్నరు సారూ. మీకు పరేషాన్, నాకు పరేషాన్ ఎందుకని."

ఆ మాట చెప్పేటప్పుడు అతను నీ టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.